ఒక్క పంక్తిలో ఒక పాత యంత్రము

1980వ సంవత్సరమున జపాను దేశమందలి నామ్‌కో సంస్థ ‘పక్‌మ్యాన్’ అను ఆట యంత్రమును తయారుచేసినది. ఆ యేడే అమెరికాలో మిడ్‌వే సంస్థ దానిని ‘ప్యాక్‌మ్యాన్’ అను పేరుతో విడుదల చేసినది. మనిషి ఎత్తున నిలిచిన ఒక పెట్టె, అందులో నిలువుగా బిగించిన టెలివిజను గొట్టము, నాలుగు దిక్కులకు కదలు ఒక పిడి, నాణెము వేయుటకు ఒక సందు: పైకి కనిపించున దింతే. పసుపుపచ్చని గుండ్రని బొమ్మ యొకటి సందుగొందులలో తిరుగుచు చుక్కలను మ్రింగుచుండును. నాలుగు దయ్యములు దానిని తరుముచుండును.

ఇట్టి యంత్రములు నానాటికి అరుదగుచున్నవి. కండెన్సర్లు ఎండిపోవును. చిత్రపు గొట్టములు వెలుగు కోల్పోవును. చిప్పులలో దాచిన సమాచారము క్రమముగా చెడిపోవును. కాప్‌కామ్ సంస్థ 1993లో తెచ్చిన ‘సి.పి.ఎస్.-2’ అను పరికరములో ప్రోగ్రాము రహస్య లిపిలో నుండెడిది. ఆ రహస్యమును విప్పు తాళపుచెవి వంటి సంఖ్యలు ఒక చిన్న బ్యాటరీ బలముతో నిలుచు మెమరీలో నుండెడివి. బ్యాటరీ శక్తి నశించిన నాడు ఆ సంఖ్యలు చెరిగిపోవును. దానితో ఆటయు ఆగిపోవును.

తాళపత్రము శిథిలమగుచున్నప్పుడు వేరొక ఆకుపై ప్రతి వ్రాసికొనుట మన పూర్వుల పద్ధతి. ప్రతి వ్రాయువాడు మూలమున నున్నదానిని ఉన్నట్లు వ్రాసినచో గ్రంథము నిలుచును; తన మాట కలిపినచో గ్రంథము మారును. రెండును ఒకే చేతివ్రాతలో నుండుటచే, ఏది మూలమో ఏది చేర్పో తరువాతివారికి తెలియకుండపోవును. పాత యంత్రముల విషయమునను సరిగా ఇదే చిక్కు కలదు.

ఇటలీ దేశస్థుడగు నికోలా సల్మోరియా 1997 ఫిబ్రవరి 5వ తేదీన ‘మేమ్’ అను ప్రోగ్రామును విడుదల చేసెను. ‘మల్టిపుల్ ఆర్కేడ్ మెషీన్ ఎమ్యులేటర్’ అను పేరులోని మొదటి అక్షరముల కూర్పే ఈ పేరు. నాణెము వేసి ఆడు అనేక యంత్రములను అనుకరించునది అని దాని భావము. ఇంటి కంప్యూటర్లను అనుకరించుటకై 1998లో ‘మెస్’ అను సోదర ప్రోగ్రాము పుట్టినది. 2015లో ఈ రెండును ఒకటైనవి. 2016 నుండి ‘మేమ్’ ఎవరైనను స్వేచ్ఛగా వాడుకొని, మార్చుకొనదగిన సాఫ్ట్‌వేరుగా లభించుచున్నది. వేలకొలది యంత్రములను అనుకరించు ఈ ప్రోగ్రామును నడపుటకు మౌసుతో నొక్కు బొమ్మలు కొన్ని యున్నను, దాని శక్తి యంతయు కమాండు లైనులోనే యున్నది. ఒక్క పంక్తి వ్రాసి ఎంటరు మీట నొక్కినచో, ఏ యంత్రము, ఏ అమరికతో, ఏ తీరున నడవవలెనో అంతయు నిర్ణయమగును. ఆ పంక్తిని అర్థము చేసికొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

అనుకరణ మనగా నేమి?

ఎమ్యులేటరు సినిమా వంటిది కాదు. అది ఆట యొక్క చిత్రమును తీసి మరల చూపుట లేదు. ప్యాక్‌మ్యాన్ పెట్టెలో జైలాగ్ సంస్థవారి జడ్-80 అను ప్రాసెసరు ఒకటి యుండెడిది. చిప్పులలో 16,384 బైట్ల ప్రోగ్రాము ఉండెడిది. ‘మేమ్’ ఆ ప్రోగ్రామునే తీసికొని, అందలి ఒక్కొక్క ఆదేశమునకు జడ్-80 ఏమి చేసియుండెడిదో దానినే లెక్కించి చేయును.

ఈ లెక్క ఎంత నిక్కచ్చియైనదో చూడుడు. ఆ పరికరములో ఒక స్ఫటికము సెకనుకు 1,84,32,000 సార్లు స్పందించును. దానిని మూడుచే భాగించగా వచ్చు 61,44,000 స్పందనలు చిత్రమును గీయుటకు ఉపయోగపడును. ఆరుచే భాగించగా వచ్చు 30,72,000 స్పందనలు ప్రాసెసరును నడిపించును. తెరపై ఒక్కొక్క గీత గీయుటకు 384 స్పందనలు, ఒక్కొక్క చిత్రమునకు 264 గీతలు కావలెను. కంటికి కనిపించునవి అందులో 288 చుక్కలు గల 224 గీతలు మాత్రమే. మిగిలిన కాలము కిరణము వెనుకకు మరలుటకు వినియోగమగును. 384ను 264చే గుణించగా 1,01,376 వచ్చును. 61,44,000ను దీనిచే భాగించినచో సెకనుకు 60.606 చిత్రములు తేలును. ఒక చిత్రమునకును మరియొక చిత్రమునకును నడుమ ప్రాసెసరునకు సరిగా 50,688 స్పందనల కాలము దొరకును.

దయ్యము ఎప్పుడు మలుపు తిరుగవలెను, బొమ్మ ఎంత వేగముగా కదలవలెను అనునవి యన్నియు ఈ గడియారము మీదనే ఆధారపడియున్నవి. ఆట నేర్పరులు చేతితో నేర్చుకొనిన లయ ఇదే. కాబట్టి అనుకరణలో ఈ సంఖ్యలే మూలగ్రంథము.

పంక్తి స్వరూపము

కమాండు లైనులో మొదట ప్రోగ్రాము పేరు, తరువాత యంత్రము పేరు, పిమ్మట ఆప్షన్లు వచ్చును. ఉదాహరణమునకు:

మేమ్ ప్యాక్‌మ్యాన్ -విండో -స్పీడ్ 0.5

ఇచ్చట తెలుగు లిపిలో చూపినను, కంప్యూటరునకు వీనిని ఇంగ్లీషు చిన్న అక్షరములతోనే ఇయ్యవలెను. ఆప్షనుకు ముందు ఒక అడ్డుగీత యుండవలెను. గీతకును మాటకును నడుమ ఖాళీ ఉండరాదు. కొన్ని ఆప్షన్లు అవును లేక కాదు అను రెండు స్థితులు మాత్రమే కలవి. ‘-విండో’ అనినచో ఆట ఒక చట్రములో కనిపించును. దానికి ముందు ‘నో’ చేర్చి ‘-నోవిండో’ అనినచో తెరయంతయు ఆక్రమించును. మరికొన్నిటికి విలువ ఇయ్యవలెను. పై పంక్తిలో స్పీడునకు 0.5 అని ఇచ్చుటచే ఆట సగము వేగముతో నడచును. ఫోల్డరు పేరులో ఖాళీ యున్నచో ఆ పేరునంతను జంట కొటేషను గుర్తుల నడుమ నుంచవలెను. లేనిచో ఖాళీ వద్దనే పేరు ముగిసెనని కంప్యూటరు తలంచును. క్రొత్తవారు చేయు తప్పులలో మిక్కిలి తరచుగా కనిపించున దిదే.

ఆప్షన్లు వందలకొలది యున్నను, వానిని మూడు తెగలుగా విభజించుకొనినచో భయము తీరును.

మొదటి తెగ: వస్తువు లెక్కడ ఉన్నవో చెప్పునవి. ‘-రోమ్‌పాత్’ అనునది చిప్పుల నుండి తీసిన సమాచారమున్న ఫోల్డరును చూపును. ‘-వెరిఫైరోమ్స్’ అనునది ఆ సమాచారము సరియైనదో కాదో పరీక్షించును. ప్రతి చిప్పునకు గణితరీత్యా తీసిన ఒక ముద్ర వంటి సంఖ్యను ‘మేమ్’ తనలో దాచుకొనియున్నది. ఒక్క బిట్టు మారినను ఆ సంఖ్య సరిపోలదు. ఇచ్చట ఒక మాట గుర్తుంచుకొనవలెను. ‘మేమ్’ ఉచితమైనంత మాత్రమున ఆటలు ఉచితములు కావు. అందు పెక్కింటికి హక్కుదారు లున్నారు. ఆ హక్కు గలవారు గాని, వారి అనుమతి పొందినవారు గాని మాత్రమే వాడవలెను.

రెండవ తెగ: చూపు తీరును మార్చునవి. విండో, తెరను త్రిప్పుట, ధ్వని స్థాయి మొదలగునవి ఈ తెగలోనివి. ‘-ఫ్రేమ్‌స్కిప్’ అనునది ప్రతి 12 చిత్రములలో ఎన్నిటిని చూపక విడువవలెనో చెప్పును. దానికి 2 అని ఇచ్చినచో 12కు 10 మాత్రమే చూపును. బలము చాలని కంప్యూటరు మీద ఇది ఉపయోగపడును. చూపనంత మాత్రమున ఆ రెండు చిత్రముల కాలము ఆటలో లేకుండపోదు. దయ్యములు అప్పుడును నడచుచునే యుండును. మనము కన్నార్పినంత మాత్రమున ఎదుటివాడు ఆగనట్లే ఇదియు.

మూడవ తెగ: యంత్రమునే మార్చునవి. 1977లో వెలువడిన యాపిల్-2 కంప్యూటరును కొనువారు 4 కిలోబైట్ల నుండి 48 కిలోబైట్ల వరకు మెమరీని అమర్చుకొనగలిగెడివారు. ‘-రామ్‌సైజ్’ అను ఆప్షనుతో ‘మేమ్’లోను అట్లే మెమరీని తగ్గించవచ్చును. అప్పుడు పెద్ద ప్రోగ్రామొకటి నడువకపోయినచో అది ‘మేమ్’ తప్పు కాదు. ఆనాటి చిన్న యంత్రము మీదను అది నడచెడిది కాదు.

కాలము, చూపు

రెండవ తెగకును మూడవ తెగకును నడుమ సరిహద్దు ఎల్లప్పుడును స్పష్టముగా నుండదు. ఒక ఉదాహరణమును పరిశీలింతము.

ప్యాక్‌మ్యాన్ సెకనుకు 60.606 చిత్రములు గీయును. మన బల్లపై నుండు తెర అనేక సందర్భములలో 60 చిత్రములే చూపును. 33 సెకన్లలో పాత యంత్రము సరిగా 2,000 చిత్రములు తయారుచేయును. తెర 1,980 మాత్రమే చూపగలదు. మిగిలిన 20 చిత్రము లేమి కావలెను? వానిని అక్కడక్కడ విడిచిపెట్టినచో కదలిక అప్పుడప్పుడు తడబడును. కాని కాలము సరిగా నుండును. అట్లుగాక ‘-రిఫ్రెష్‌స్పీడ్’ అను ఆప్షను నిచ్చినచో ‘మేమ్’ ఆటనే కొంచెము నెమ్మది చేసి తెరతో జత కలుపును. అప్పుడు కదలిక నున్నగా సాగును. కాని ఆట నూటికి 99 పాళ్ల వేగముతోనే నడచును. పది నిమిషముల ఆటకు ఇంచుమించు ఆరు సెకన్లు ఎక్కువ పట్టును.

ఈ రెండింటిలో ఏది మేలు? సరదాకు ఆడువానికి నున్నని కదలికయే మేలు. మూలము ఎట్లుండెనో తెలిసికొనగోరువానికి సరియైన కాలమే మేలు. ఆప్షను మంచిది, చెడ్డది అని యుండదు. తాను దేనిని ఎన్నుకొనెనో తెలిసియుండవలెను.

వేగమును తెలిసికొనుటకు ‘-బెంచ్’ అను మరియొక ఆప్షను కలదు. దానికి 60 అని ఇచ్చినచో, చిత్రమును గాని ధ్వనిని గాని వెలువరింపక, పగ్గము విడిచిన గుఱ్ఱమువలె 60 సెకన్ల ఆటను కంప్యూటరు తన శక్తికొలది పరుగెత్తించును. ఆ 60 సెకన్లు పాత యంత్రపు సెకన్లు; మన గోడ గడియారమున అవి అయిదారు సెకన్లలోనే ముగియవచ్చును. అయినను ఒక్కొక్క చిత్రమునకు 50,688 స్పందనలు అను లెక్క అందు తప్పదు. అనుకరించిన యంత్రమునకు తన కాలము తనకు వేరుగా నుండునని దీనివలన తేటపడును.

ఎవరి మాట చెల్లును?

ప్రతిసారియు పొడవైన పంక్తిని వ్రాయుట విసుగు. అందుచే ఆప్షన్లను ఫైళ్లలో వ్రాసి యుంచుకొనవచ్చును. ‘-క్రియేట్‌కాన్ఫిగ్’ అను ఆజ్ఞ నిచ్చినచో ‘మేమ్.ఐఎన్‌ఐ’ అను ఫైలు తయారగును. అందులో అడ్డుగీత లుండవు. ‘విండో 1’ అనినచో అవును, ‘విండో 0’ అనినచో కాదు అని అర్థము.

ఫైలు ఒక్కటే అయినచో చిక్కు లేదు. కాని ‘మేమ్’ అనేకమైన ఫైళ్లను వరుసగా చదువును. మొదట అన్ని యంత్రములకును వర్తించు సామాన్యమైన ఫైలు. తరువాత నిలువు తెర యంత్రములకో అడ్డు తెర యంత్రములకో సంబంధించినది. పిమ్మట తెర జాతికి సంబంధించినది. ఆ తరువాత ఒకే వంశమునకు చెందిన యంత్రములది. అటు తరువాత మాతృయంత్రము పేరనున్నది. చివరకు ఆ యంత్రము పేరనే యున్నది. ప్యాక్‌మ్యాన్‌ను నడుపునప్పుడు దాని మాతృయంత్రమగు పక్‌మ్యాన్ ఫైలును ముందును, ప్యాక్‌మ్యాన్ ఫైలును చివరను చదువును. వెనుక చదివినది ముందు చదివినదానిని త్రోసివేయును. కమాండు లైనులో వ్రాసినది వీనినన్నిటిని త్రోసివేయును.

దీనిని విద్యార్థి వసతి గృహపు భోజనశాలతో పోల్చవచ్చును. అందరికిని వర్తించు పట్టిక గోడకు అంటించియుండును. ఒక వరుసలోని వారికి కారము తగ్గింపవలెనని వంటవానికి వేరుగా చీటి యుండును. ఒక విద్యార్థికి జ్వరమని ఇంకొక చీటి యుండును. వడ్డించు వేళ ఆ విద్యార్థియే “ఈ పూటకు మజ్జిగ చాలు” అనినచో ఆ మాటయే చెల్లును. సామాన్యము కంటె విశేషము బలీయము; ముందు వ్రాసి యుంచిన మాట కంటె ఆ క్షణమున చెప్పిన మాట బలీయము.

నియమము సులభమే. అయినను దానిని మరచుటవలన గంటలకొలది కాలము వ్యర్థమగుట కలదు. ఒకడు సామాన్యమైన ఫైలులో ‘విండో 1’ అని వ్రాసెననుకొందము. ప్యాక్‌మ్యాన్ మాత్రము తెరయంతయు ఆక్రమించుచునే యుండును. అతడు ఫైలును మరల మరల దిద్దును. ప్రోగ్రాము చెడినదని తలంచును. ఎన్నడో తానే ప్యాక్‌మ్యాన్ పేర ఒక చిన్న ఫైలు వ్రాసి, అందు ‘విండో 0’ అని ఉంచిన సంగతి అతడు మరచిపోయి యుండును. ఇట్టి సందర్భములలో ఊహించుట కంటె అడుగుట మేలు. ‘-వెర్బోస్’ అని చేర్చినచో ఏయే ఫైళ్లను చదివినదో ‘మేమ్’ తానే చెప్పును. ‘-షోకాన్ఫిగ్’ అనినచో ఆప్షన్లన్నిటి విలువలను వరుసగా చూపును. ‘-నోరీడ్‌కాన్ఫిగ్’ అనినచో ఫైళ్లనేవియు చదువక, పంక్తిలో వ్రాసినదానిని మాత్రమే పాటించును. తప్పు వెదకుటకు ఈ మూడవది మంచి సాధనము. ముందు ఫైళ్లనన్నిటిని ప్రక్కకు నెట్టి, ఒక్కొక్క ఆప్షనును తిరిగి చేర్చుచు రావలెను. ఏది చేర్చినప్పుడు తేడా వచ్చునో అదియే కారణము. ప్రయోగశాలలో ఒక్కసారి ఒక్క అంశమును మాత్రమే మార్చు పద్ధతి ఇదే గదా!

ఆప్షనును పుట్టించు ఆప్షను

ఇంటి కంప్యూటర్ల విషయములో ఇంకొక విశేషము కలదు. 1983లో వచ్చిన యాపిల్-2ఇ కంప్యూటరు మూత తీసినచో, లోపల అదనపు పరికరములను గ్రుచ్చుటకు సందులు కనిపించును. సాధారణముగా ఆరవ సందులో ఫ్లాపీ డిస్కులను నడుపు పలక యుండెడిది. ‘మేమ్’లోను అట్లే యుండును. అందుచే ‘-ఫ్లాప్1’ అను ఆప్షనుతో ఒక డిస్కును పెట్టవచ్చును. కాని ‘-ఎస్ఎల్6’ అను ఆప్షనుకు శూన్యమైన విలువ నిచ్చి ఆ పలకను తీసివేసినచో, ‘-ఫ్లాప్1’ అను ఆప్షను తనను తానే కోల్పోవును. దానిని వ్రాసినచో అట్టి ఆప్షను లేదని ‘మేమ్’ తిరస్కరించును. ఇది లోపము కాదు. డిస్కు నడుపు పలక లేని కంప్యూటరులో డిస్కు పెట్టుటకు చోటెక్కడిది? ఏ యంత్రములో ఏ సందులున్నవో ‘-లిస్ట్‌స్లాట్స్’ చెప్పును. డిస్కులు, టేపుల వంటివానిలో దేనిని పెట్టవచ్చునో ‘-లిస్ట్‌మీడియా’ చెప్పును. పంక్తిని వ్రాయుటకు ముందు వీనిని అడిగి తెలిసికొనుట ఉత్తమము.

పంక్తిలో లేని అమరికలును కొన్ని కలవు. ప్యాక్‌మ్యాన్ పలకపై చిన్న చిన్న స్విచ్చు లుండెడివి. ఒక నాణెమునకు ఎన్ని ఆటలు, ఒక ఆటకు ఎన్ని ప్రాణములు, ఎన్ని అంకెలు సంపాదించినచో అదనపు ప్రాణము లభించును అనువానిని యంత్రపు యజమాని ఆ స్విచ్చులతో నిర్ణయించెడివాడు. ‘మేమ్’లో వీనిని ఆట నడచుచుండగా మెనూలో మార్చవలెను. మార్చినది ఆ యంత్రము పేర వేరొక ఫైలులో నిలుచును. మరునాడు మరల ఆడునప్పుడు నిన్నటి మార్పు అట్లే యుండును.

సాక్ష్యము ఎప్పుడు చెల్లును?

ఇంతవరకు చెప్పిన జాగ్రత్త అంతయు ఎందుకను సందేహము కలుగవచ్చును. దానికి సమాధానము ‘-రికార్డ్’ అను ఆప్షనులో కలదు. ఇది ఆట చిత్రమును దాచదు. ఆటగాడు ఏ క్షణమున ఏ మీట నొక్కెనో దానిని మాత్రమే దాచును. ‘-ప్లేబ్యాక్’ అనునది ఆ నొక్కులనే తిరిగి యంత్రమునకు అందించును. యంత్రము అదియే, ప్రారంభ స్థితి అదియే, నొక్కులు అవియే అయినచో ఫలితమును అదియే కావలెను. గణితములో ఒకే సమీకరణమునకు ఒకే విలువలు ఇచ్చినచో ఒకే సమాధానము వచ్చినట్లు, ఆట తన్ను తానే తిరిగి ఆడుకొనును.

కాని ఏ చిన్న అమరిక మారినను కథ మారును. రికార్డు చేసిననాడు మూడు ప్రాణములుండి, నేడు ఎవడో మెనూలో ఐదు చేసియుండిన మొదటిదే భిన్నమగును. ‘మేమ్’ సంచిక మారినను, దాచిన మెమరీ ఫైలు మారినను అంతే. బొమ్మ ఒక మూలకు తిరుగవలసినచోట గోడను ఢీకొని నిలిచిపోవును. దయ్యము వచ్చి మ్రింగివేయును. నొక్కులు మాత్రము తమ దారిన తాము సాగుచుండును. చూచువానికి ఆ యాటగాడు తెలివితక్కువవాడుగా కనిపించును. నిజమునకు తప్పు ఆటగానిది కాదు, అమరికది.

అందుచే రికార్డుతో పాటు ‘మేమ్’ సంచిక సంఖ్యను, వ్రాసిన పంక్తిని పూర్తిగాను, స్విచ్చుల అమరికను దాచి యుంచవలెను. అట్లు దాచినచో ఆ యాట ఇతరులు పరీక్షింపదగిన సాక్ష్యమగును. దాచనిచో అది ఒకరి మాట మాత్రమే.

తాళపత్రమునకు ప్రతి వ్రాసిన మంచి లేఖకుడు చివర తన పేరును, వ్రాసిన కాలమును పేర్కొనెడివాడు. కమాండు లైను కూడ అట్టి గద్యయే. చిప్పులలోని 16,384 బైట్లు మూలము. దానికి మనము చేర్చినది ఆ ఒక్క పంక్తి. తాను చేర్చినది ఇంతేయని చెప్పగలిగినవాని చేతిలో పాత యంత్రము భద్రముగా నుండును.